వేళ్ళు

జనవరి 18

అత్తయ్య గారికి,

ఏమని పిలవాలో తెలియక మూడు కాగితాలు చించాను. వేరే పిలుపు దొరకలేదు కాబట్టి పాతదే రాస్తున్నాను. ఇబ్బందిగా ఉంటే చెప్పండి.

విషయం చిన్నది. మీ అబ్బాయి నా సామాను నాలుగు అట్టపెట్టెల్లో పంపించాడు. గిన్నెల పెట్టె అడుగున మీ బిస్కెట్ల డబ్బా ఉంది. రెండేళ్ళ క్రితం మా ఇంటికి వచ్చినప్పుడు వదిలి వెళ్ళారే, విత్తనాల పొట్లాలున్న డబ్బా, అదే. కొత్తిమీర, మెంతి, పాలకూర, మిరప. పొట్లాల మీద మీ చేత్తో రాసిన తేదీలు కూడా ఉన్నాయి. నాది కాని వస్తువు నా దగ్గర ఉండటం నాకు ఇష్టం లేదు. పోస్టులో పంపమంటే పంపుతాను.

ఫోన్ చేసి అడగొచ్చు. కానీ ఫోనులో మీకు సగమే వినిపిస్తుందనీ, మిగతా సగం మీరే అల్లుకుంటారనీ నాకు తెలుసు. ఇప్పుడు అల్లికలు వద్దనిపించింది.

నేను మూడో అంతస్తులో ఒక గది తీసుకున్నాను. గది, వంటకి ఒక మూల, తూర్పు వైపు ఒక కిటికీ. కళ్ళద్దాల దుకాణంలో పని అలాగే ఉంది. వెనక గదిలో కూర్చుని రోజంతా అద్దాలు అరగదీయడమే. విడాకుల కాగితాల మీద సంతకాలు పోయిన నెల అయిపోయాయి. మీకు తెలిసే ఉంటుంది.

జవాబు కోసం చూస్తాను. డబ్బా గురించి.

(కింద ఏమని సంతకం పెట్టాలో కూడా తెలియలేదు.)


జనవరి 27

అమ్మాయీ,

డబ్బా పంపకు. పోస్టు సంచుల్లో వేడికీ తేమకీ విత్తనం పాడైపోతుంది. ముప్పై ఒక్క ఏళ్ళు విత్తన పరీక్ష కేంద్రంలో తడి కాగితం మీద గింజలు పేర్చి, ఎన్ని మొలిచాయో లెక్క రాసిన మనిషిని నేను. డబ్బాలో ఊరికే కూర్చున్న విత్తనమంటే నాకు చికాకు. నువ్వే నాటు.

రాదంటావు. తెలుసు. నువ్వు మా ఇంటికి వచ్చిన ఆరేళ్ళలో ఒక్క మొక్కకి నీళ్ళు పోయగా నేను చూడలేదు. అదేం నేరం కాదు. చూడలేదు అంటున్నానంతే.

ముందు పరీక్ష చెయ్యి. పాత నూలు గుడ్డ తడిపి పిండి, ఒక్కో రకం పది గింజలు వరసగా పేర్చి, చుట్ట చుట్టి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి వంట మూలలో వెచ్చగా ఉంచు. మెంతికి నాలుగు రోజులు, పాలకూరకి పది, కొత్తిమీరకీ మిరపకీ రెండు వారాలు. పదింటికి ఎన్ని మొలిచాయో రాయి. ఉజ్జాయింపుగా కాదు, లెక్క కావాలి.

ఆ కిటికీ ఎదురుగా ఏముంది? ఎండ ఎన్నింటికి వస్తుంది, ఎన్నింటికి పోతుంది? గడియారం చూసి రాయి. కిటికీ ఉందంటే చాలదు.

పిలుపు సంగతి. ఈ వయసులో కొత్త పిలుపు అలవాటు చేసుకునే ఓపిక నాకు లేదు. ఉన్నదే ఉండనీ.

ఈ ఉత్తరాల మాట అబ్బాయికి చెప్పలేదు. చెప్పాల్సిన పని కనిపించలేదు.

అత్తయ్య


ఫిబ్రవరి 16

అత్తయ్య గారికి,

లెక్క ఇదీ. మెంతి తొమ్మిది. పాలకూర ఆరు. కొత్తిమీర మూడు. మిరప సున్నా.

ఎండ ఏడుంపావుకి వస్తుంది, పది కాకముందే ఎదురు భవనం మీది నీళ్ళ ట్యాంకు వెనక్కి పోతుంది.

మెంతులు నాలుగో రోజే మొలిచేసరికి ఉత్సాహం ఆపుకోలేక, నూనె డబ్బాని సగానికి కోసి మట్టి నింపి చల్లేశాను. పొద్దునా సాయంత్రం మర్చిపోకుండా నీళ్ళు పోశాను. వారం రోజులు ముచ్చటగా లేచాయి. తరవాత ఒక్కో మొలకా మొదలు దగ్గర నల్లబడి పడిపోయింది. ఇప్పుడు డబ్బాలో మొక్కల కంటే దోమల్లాంటి సన్న నల్ల పురుగులే ఎక్కువ. మూత తీసిన మురుగు కాలవలా వాసన. ఇంత శ్రద్ధగా చేస్తే ఎందుకిలా అయిందో నాకు అర్థం కాలేదు.

మొన్న ఆదివారం మేమిద్దరం కలిసి పెద్ద బల్లని కిటికీ కిందికి జరిపాం. ఇప్పుడు ఎండ నేరుగా దాని మీదే పడుతోంది. మళ్ళీ నాటనా, లేక ఇది నా వల్ల అయ్యే పని కాదంటారా? ముక్కుసూటిగా చెప్పండి. మీకు అది కష్టం కాదు.

మీ జవాబు వచ్చేదాకా నీళ్ళ చెంబు ముట్టుకోను.


మార్చి 1

అమ్మాయీ,

ప్రేమతో చంపావో భయంతో చంపావో తెలియదు కానీ నీళ్ళతో చంపావు.

డబ్బా అడుగున చిల్లులు పెట్టావా? ఆ మాటే రాయలేదు కాబట్టి పెట్టలేదనుకుంటాను. మేకు కాల్చి అరడజను చిల్లులు పొడు. వేళ్ళకి నీళ్ళెంత కావాలో గాలీ అంతే కావాలి. గాలాడకపోతే నల్లబడి కుళ్ళుతాయి. పెద్ద మొక్కయితే నల్లబడిన వేళ్ళు కత్తిరించి పొడి మట్టిలోకి మార్చి బతికించొచ్చు. నీ మొలకలకి ఆ యోగం లేదు, పారెయ్యి.

నీళ్ళు పోసేముందు మట్టిలో వేలు రెండు కణుపులు దించి చూడు. తడి తగిలితే ఆ రోజు నీళ్ళు లేవు. పైమట్టి ఎండితే ఆ పురుగులు వాటంతటవే పోతాయి. కొత్తిమీర గింజ నిజానికి రెండు గింజలు. అరచేత్తో నలిపి రెండు బద్దలు చేసి, ఒక పూట నానబెట్టి నాటు. మూడు కాస్తా ఐదవుతాయి. నీ ఎండకి మిరప దండగ. ఆకుకూరలకి చాలు.

తడి కాగితంలో చుట్టి మా పెరటి పుదీనా కొమ్మలు నాలుగు పంపిస్తున్నాను. గ్లాసు నీళ్ళలో పెట్టు, వారంలో వేళ్ళు వేస్తాయి. అప్పుడు మట్టిలోకి మార్చు. చోటు మారిన మొక్క పది రోజులు తల వాల్చేస్తుంది. కొత్తవాళ్ళు చచ్చిందనుకుని పీకేస్తారు. తొందరపడి పీకేయకు.

మీరిద్దరూ కలిసి బల్ల జరిపారని రాశావు. సంతోషం. ఆ రెండో మనిషి ఎవరని నేనడగను. ఆ ఆదివారం అబ్బాయి కూడా ఊళ్ళో లేడు.

అత్తయ్య


మార్చి 9

అత్తయ్య గారికి,

పుదీనా అందింది. ఉత్తరం రెండు సార్లు చదివాను. మొదటిసారి మొక్క గురించి అనుకున్నాను. రెండోసారి ఒళ్ళు మండింది.

చోటు మారింది, తల వాల్చింది, తొందరపడి పీకేయకు. ఆ మొక్క నేనే కదా? పీకేసింది నేను కాదండీ. మీ అబ్బాయి ఇంకొకరితో నెలల తరబడి మాట్లాడుతూ, ఇంట్లో నాతో ఉప్పు అందించమని తప్ప వేరే మాట లేకుండా గడిపాడు. నేనూ గడిపాను, కాదనను. కానీ ముందు తలుపు తీసింది నేను కాదు.

ఆ రెండో మనిషి కింది అంతస్తులో ఉండే కండక్టరమ్మ. వయసు అరవై నాలుగు. ముప్పై ఏళ్ళు బస్సులో టికెట్లు కొట్టింది, ఇప్పుడు మోకాళ్ళ నొప్పులు. బల్ల ఒక వైపు ఎత్తి, "రైట్ రైట్" అంది. అంతే. మీ అబ్బాయి ఆ ఆదివారం ఎక్కడున్నాడో అతన్నే అడగండి.

ఎలాగూ రాస్తున్నాను కాబట్టి ఇదీ రాసేస్తాను. మీ హాల్లో రెండు కుటుంబాలూ కూర్చున్న రోజు మీరో మాట అన్నారు. "ఈ పిల్ల ఇంట్లో ఉన్నా మనిషి ఉన్నట్టే ఉండదు" అని. నా ముందే, నేనక్కడ లేనట్టు. మీకు గుర్తుందో లేదో. నాకుంది.

పుదీనా మీద నాకేం కోపం లేదు. గ్లాసులో పెట్టాను.


మార్చి 20

అమ్మాయీ,

నేను రాసింది పుదీనా గురించి. పుదీనా గురించి చెప్పాలంటే పుదీనా అనే రాస్తాను, అబ్బాయి గురించి చెప్పాలంటే అబ్బాయి అని రాస్తాను. ముప్పై ఒక్క ఏళ్ళు రిజిస్టర్లు రాసిన చెయ్యి ఇది. రెండో అర్థం పెట్టడం దానికి రాదు.

రెండో మనిషి విషయంలో మాత్రం దొరికిపోయాను. అబ్బాయే వచ్చాడేమోనని ఆశపడ్డాను. తప్పు నీది కాదు.

ఇప్పుడు అబ్బాయి గురించి. అతను జూన్‌లో పెళ్ళి చేసుకుంటున్నాడు. ఎవరి నోటి నుంచో వినడం కంటే నా ఉత్తరంలో చదవడం నయమనుకున్నాను.

ఆ రోజు ఆ మాట అన్నాను. గుర్తుంది. దాని గురించి రాద్దామని కూర్చుంటే కలం కదలడం లేదు. ఇంకోసారి రాస్తాను.

ఆ కండక్టరమ్మని మోకాళ్ళ మీద బరువు వెయ్యొద్దని చెప్పు.

అత్తయ్య


ఏప్రిల్ 6

అత్తయ్య గారికి,

కార్డు ముక్కే రాస్తున్నాను, పనెక్కువగా ఉంది.

పెళ్ళి సంగతి తెలిసింది. చెప్పినందుకు సంతోషం. చదివిన రోజు ఒక జత అద్దాలు తప్పుగా అరగదీశాను. ఆరేళ్ళలో అదే మొదటిసారి. మర్నాడు మామూలే.

పుదీనా తొమ్మిది రోజులు తల వాల్చింది. పదో రోజు నిలబడింది. మీరు చెప్పింది మొక్క గురించేనని ఒప్పుకుంటున్నాను.

మెంతికూర మొదటి కోత కోశాను. రెండు గుప్పెళ్ళు. ఒకటి కండక్టరమ్మకి ఇచ్చాను.

సెలవు.


జులై 12

అమ్మాయీ,

చాలా రోజులకి రాస్తున్నాను. పెళ్ళి అయింది. వెళ్ళాను, కూర్చున్నాను, వచ్చాను. ఆ అమ్మాయి బ్యాంకులో పని చేస్తుంది. గలగలా మాట్లాడుతుంది. నాకు సగం అందింది.

ఇక్కడ వానలు ఆగడం లేదు. పెరట్లో నీళ్ళు నిలిచి పుదీనా మడి వారం రోజులు మునిగే ఉంది. కాలవ తీద్దామని నేనే దిగి బురదలో తిరిగాను. వేళ్ళు నల్లబడ్డాయి. పైపైన ఏమీ తెలియలేదు, ఆలస్యంగా గమనించాను. రెండు తీసేశారు. మిగతావి నిలబడతాయనే అంటున్నారు. చూడాలి.

నీ పాలకూర ఎంతవరకు వచ్చింది? ఆకు కోసేటప్పుడు చుట్టూ ఉన్నవి కోసి నడిమి చిగురు వదిలెయ్యి, మళ్ళీ మళ్ళీ వస్తుంది.

రాత వంకరగా ఉంటే ఏమనుకోకు, పడుకుని రాస్తున్నాను. నీ జవాబు ఇంటి అడ్రసుకే రాయి. పక్కింటావిడ తెచ్చి ఇస్తుంది.

అత్తయ్య


జులై 21

అత్తయ్య గారికి,

నాకు సలహా ఇచ్చే అవకాశం ఇన్నాళ్ళకి వచ్చింది, వదులుకోను.

నల్లబడినవి రెండే అయితే బాగానే గట్టెక్కారు. మీరు చెప్పిన పాఠమే మీకు అప్పజెప్తున్నాను. పదునైన కత్తెరతో మంచి భాగం వచ్చేదాకా కత్తిరించండి. పొడి మట్టిలోకి మార్చి వారం దాకా నీళ్ళు చూపించకండి. మళ్ళీ కుళ్ళు వాసన వస్తే బాధపడకుండా మొత్తం పీకి పారేయండి. కొత్తది నేను ఇక్కణ్ణుంచి పంపిస్తాను. నా పుదీనా ఇప్పుడు మూడు డబ్బాలైంది. పోస్టుమాన్ కూడా ఒక కొమ్మ అడిగి పట్టుకెళ్ళాడు.

విత్తనాల కేంద్రంలో అంత పని చేసిన మనిషి మడికి కాలవ తీయకుండా వానాకాలం దాకా ఆగడమేమిటండీ! నేనైతే మీ చేత చీవాట్లు తినేదాన్ని.

పడుకుని రాయకండి, కళ్ళు పాడవుతాయి. ఇది నా వృత్తి కాబట్టి చెప్తున్నాను.

చీవాట్ల కోసం ఎదురుచూస్తూ.


జులై 29

అమ్మాయీ,

నీ సలహా ఆలస్యంగా అందింది. డాక్టరు ఇంచుమించు అదే చేశాడు.

మొత్తం పీకి పారేస్తే కొత్తది పంపిస్తానన్న ముక్క నర్సుకి చదివి వినిపించాను. సెలైన్ సీసా చేత్తో పట్టుకుని గోడకి ఆనుకుని నవ్వింది. నేను రాసింది పుదీనా గురించి కాదు. నా ఎడమ కాలి వేళ్ళ గురించి. చిటికెన వేలూ దాని పక్కదీ. షుగర్ వల్ల కాలికి స్పర్శ తగ్గింది, బురదలో గాజుపెంకు గుచ్చుకుంటే తెలియలేదు. తెలిసేసరికి నల్లబడ్డాయి. ఇరవై మూడు రోజులుగా ఆస్పత్రిలో ఉన్నాను.

నువ్వు తప్పు చదివావని అనను. నేనే అలా రాశాను. 'కాలి' అన్న ఒక్క మాట రాయడానికి చెయ్యి రాలేదు. నా చేతికి రెండో అర్థం పెట్టడం రాదని గొప్పగా రాశాను చూడు, అది కొట్టెయ్యి.

అబ్బాయి సాయంత్రాలు వస్తాడు. వాళ్ళ ఊరి నుంచి రెండు గంటల ప్రయాణం, అరగంట కూర్చుంటాడు. గట్టిగా మాట్లాడాలంటే పక్కవాళ్ళు చూస్తారని సిగ్గు. మెల్లిగా మాట్లాడతాడు, నేను తలూపుతాను.

ఇక్కడ నాకు ఎవరి మాటా అందదు కాబట్టి నేనూ పెద్దగా నోరు విప్పను. మొన్న పక్క మంచం ఆవిడ కూతురు వచ్చింది. తలుపు తెరిచి ఉండి, గాలి ఎటు వీచిందో ఏమో, ఒక్క మాట తేటగా వినిపించింది. "ఆవిడ మంచం మీద ఉన్నా మనిషి ఉన్నట్టే లేదమ్మా" అంది.

ఆ రోజు హాల్లో నేనన్న మాట అదే. అబ్బాయి చెప్పిందంతా నమ్మి అన్నాను. ఆ ఇంట్లో నీతో మాట్లాడేవాళ్ళు ఎవరున్నారని ఒక్కసారి కూడా అనుకోలేదు. నేనైనా నీ పక్కన కూర్చుని నాలుగు మాటలు మాట్లాడింది లేదు. తప్పు మాట అన్నాను, అమ్మాయీ. అందరి ముందూ అన్నాను. ఇప్పుడు ఒక్కదానివే చదివేలా రాస్తున్నాను. ఇది సరిపోదని తెలుసు.

నువ్వు రావద్దు. దుకాణంలో సెలవు దొరకదు.

అత్తయ్య


ఆగస్టు 24

అత్తయ్య గారికి,

నిన్న సాయంత్రం మీ ఊరి నుంచి గదికి చేరాను. పుదీనా బతికే ఉంది, కండక్టరమ్మ వేలు పెట్టి చూసి మరీ నీళ్ళు పోసిందట. పాలకూర మాత్రం పూతకొచ్చేసింది.

మీకు డిశ్చార్జి అయ్యాక పన్నెండు రోజులు ఒకే ఇంట్లో ఉండి మనం మాట్లాడుకున్నది చాలా తక్కువ. మీకు వినిపించదు, నాకు మాట రాదు. అందుకే అక్కడ చెప్పనివి రెండు ఇక్కడ రాస్తున్నాను.

ఒకటి. ఉత్తరం చదివిన రోజు నేను నవ్వలేదు. నర్సు నవ్వింది కాబట్టి నన్ను కూడా నవ్వమని మీరు రాశారని తెలుసు. కత్తెర, పదును అని నేను రాసిన ముక్కలు తలుచుకుంటే ఇప్పటికీ తల గోడకి కొట్టుకోవాలనిపిస్తుంది. బస్సులో దారి పొడవునా అదే.

రెండు. మీరు డ్రెస్సింగ్ గదిలో ఉన్నప్పుడు ఆస్పత్రి నడవాలో మీ అబ్బాయి ఎదురయ్యాడు. చేతిలో పళ్ళ సంచి.

"నువ్వెందుకొచ్చావ్?" అన్నాడు. కోపంగా కాదు, నిజంగానే అడిగాడు.

"ఉత్తరం వచ్చింది."

"అమ్మ నీకు ఉత్తరాలు రాస్తుందా? నాకెప్పుడూ రాయలేదే."

"నువ్వెప్పుడైనా రాశావా?"

కాసేపు సంచి ఆ చేతి నుంచి ఈ చేతికి మార్చుకున్నాడు. తరవాత, "డాక్టరు చెప్పేది నాకు సరిగ్గా అర్థం కాలేదు. నువ్వోసారి అడుగుతావా?" అన్నాడు. వెళ్ళి అడిగాను. కాగితం మీద రాయించుకుని ఒకటి అతనికిచ్చాను, ఒకటి మీ దిండు కింద పెట్టాను. అంతే జరిగింది. మీరు నడవా వైపు చూస్తూ ఏదో అల్లుకుని ఉంటారు, అందుకని చెప్తున్నాను.

మీరన్న మాట గురించి. చదివాను. పోయిందని చెప్పలేను. తగ్గింది.

గాయం మానేదాకా మీరు పెరట్లోకి దిగకూడదని డాక్టరు రాశాడు. అందుకే వంటింటి కిటికీలో మూడు డబ్బాలు పెట్టి వచ్చాను. చిల్లులున్నాయి, చూసుకోండి.

రోజూ కాలు అద్దంలో చూసుకోవాలి. అడుగు కూడా. నేను వదిలిన చేతి అద్దం అందుకే.

ఉంటాను.


సెప్టెంబర్ 15

అమ్మాయీ,

కాలు మానుతోంది. రోజూ చూస్తున్నాను, పైనా కిందా.

నీ డబ్బాల సంగతి చెప్పాలంటే సిగ్గుగా ఉంది. కొత్తిమీర దారాల్లా సాగి, ఒకటి మీద ఒకటి ఒరిగి, పక్షవాతం వచ్చినట్టుంది. మెంతి పాలిపోయింది. కొన్ని వందల రకాల విత్తనాలకి పాస్, ఫెయిల్ వేసిన దాన్ని, ఒక కిటికీ ముందు ఫెయిలయ్యాను. పెరట్లో నలభై ఏళ్ళు నేనే పెంచుతున్నాననుకున్నాను. పని చేసింది ఆకాశమనీ, నేను పక్కన నిలబడ్డాననీ ఇప్పుడు తెలుస్తోంది.

ఏం చెయ్యమంటావు?

అత్తయ్య


సెప్టెంబర్ 24

అత్తయ్య గారికి,

డబ్బాలు వంటింటి కిటికీ నుంచి మార్చారు కదా? మీ మంచం పక్క బల్ల మీదికి తెచ్చుకుని ఉంటారు, చూస్తూ పడుకోవచ్చని. నాకు తెలుసు, నేనూ మొదట్లో అదే చేశాను. వెలుగు చాలక సాగుతున్నాయి. మొక్కకి మనం కనిపించక్కర్లేదు, ఎండ కనిపించాలి.

కిటికీలోకి మార్చండి. వెనక తెల్ల అట్ట ఒకటి నిలబెట్టండి, వెలుగు తిరిగి ఆకు మీద పడుతుంది. రోజూ పొద్దున్నే డబ్బాని పావు వంతు తిప్పండి, లేకపోతే ఒక వైపే వంగుతుంది. సాగిపోయినవి నిలబడవు, కోసుకు తినేసి కొత్తగా చల్లండి. పల్చగా చల్లండి. మీ చెయ్యి పెరటి చెయ్యి, గుప్పెడు గుప్పెడు విసురుతారు. డబ్బాలో వేలెడు దూరానికి ఒక గింజ.

ఇంత చనువుగా రాస్తున్నందుకు ఏమనుకోకండి. అనుకున్నా రాయండి.

ఉంటాను.


నవంబర్ 22

అమ్మాయీ,

మార్చాను. మంచం పక్కకే మార్చాను. ఎలా కనిపెట్టావో తెలియదు. ఇప్పుడు కిటికీలోనే ఉన్నాయి. నిన్న కొత్తిమీర కోశాను. లెక్క, పదికి ఎనిమిది.

పోయిన ఆదివారం అబ్బాయీ, ఆ అమ్మాయీ వచ్చారు. తమ ఊరికి వచ్చెయ్యమన్నాడు. ఒక గది ఖాళీగా ఉందట, లిఫ్టు ఉందట. "ఇక్కడ ఒక్కదానివే ఏం చేస్తావమ్మా?" అన్నాడు. ఈసారి నా దగ్గరికొచ్చి గట్టిగానే అన్నాడు, పక్కవాళ్ళ సిగ్గు పక్కన పెట్టి. సంతోషించాను. కానీ వెళ్ళను. ఇంట్లో నాలుగు అడుగులు నా అంతట నేను వేస్తున్నాను, పెరటి మెట్టు మీద కూర్చోడానికి డాక్టరు ఒప్పుకున్నాడు. కాలు పూర్తిగా పోతే అప్పుడు ఆలోచిద్దామన్నాను. "అలా మాట్లాడకమ్మా" అన్నాడు. నేను లెక్క చెప్పానంతే.

ఇప్పుడు అసలు సంగతి. ఆ అమ్మాయి కిటికీ దగ్గర డబ్బాలు చూసి అక్కడే నిలబడిపోయింది. తనూ ఇంట్లో టమాటా పెంచుతోందట. రొమ్ము ఎత్తు పెరిగింది, విరగపూసింది, ఒక్క కాయ నిలవకుండా పూతంతా రాలిపోతోందట. ఎందుకని అడిగింది. ఇంట్లో మొక్కల సంగతి నాకు తెలియదు, తెలిసిన మనిషి ఒకరున్నారు అన్నాను. ఎవరంది. చెప్పాను.

ఆ తరవాత వాళ్ళేమనుకున్నారో నాకు వినిపించలేదు. అబ్బాయి లేచి వరండాలోకి వెళ్ళాడు. ఆ అమ్మాయి వంగి నా చెవి దగ్గర, "ఆవిడకి నేను ఉత్తరం రాయొచ్చా అండీ?" అంది. టమాటా కోసమే అడిగిందని నేననుకోవడం లేదు. చెడ్డ మనసుతో అడిగిందనీ అనుకోవడం లేదు.

నిన్నడగకుండా అడ్రసు ఇవ్వలేదు. ఇవ్వమంటే ఇస్తాను. వద్దంటే వద్దు, కారణం రాయక్కర్లేదు.

అత్తయ్య


డిసెంబర్ 4

అత్తయ్యా,

అడ్రసు ఇవ్వకండి.

కారణం రాయక్కర్లేదన్నారు కానీ రాస్తాను. ఆమె మీద కోపం ఎంత ఉందా అని వెతికాను, అనుకున్నంత దొరకలేదు. అయినా ఆమె చేతిరాత నా గదిలోకి రావడం నాకు ఇష్టం లేదు. కండక్టరమ్మని అడిగితే, "రాస్తే రాయనీ, చదవకుండా పడెయ్" అంది. నేను ఉత్తరం చదవకుండా పడేసే మనిషిని కాను. చదివితే జవాబు రాయకుండా ఉండలేను. ఒక జవాబు రాస్తే ఆ తరవాత ఏమవుతుందో నాకూ మీకూ తెలుసు. పెద్ద మనసు చూపించాలని రెండు రోజులు గట్టిగా ప్రయత్నించాను. రాలేదు. మీరు అడిగి మంచి పని చేశారు, నేనూ వద్దని చెప్పి మంచి పనే చేశానని అనుకుంటున్నాను.

మీరు ఇల్లు వదలనన్నందుకు సంతోషం. ఫిబ్రవరిలో నాకు పది రోజులు సెలవు ఇస్తామన్నారు. వస్తాను. మీ చెవికి మిషను పెట్టించే డాక్టరు మా దుకాణం పక్క వీధిలోనే ఉన్నాడు, తిరిగొచ్చేటప్పుడు మిమ్మల్నీ తీసుకొద్దామని ఆయన్ని ఇప్పటికే అడిగి ఉంచాను. మీరు కాదంటారని తెలుసు, వచ్చాక పోట్లాడుకుందాం.

ఆమె టమాటా సంగతి. పూత రాలడం జబ్బు కాదు. ఇంట్లో గాలి వీచదు, తేనెటీగ రాదు, పుప్పొడి ఎక్కడిదక్కడే ఉండిపోతుంది. ఎండాకాలంలో నేనూ ఒక టమాటా పెట్టాను, రెండు గుత్తులు అలాగే రాలిపోయాయి. మీకు రాయలేదు, చిన్నతనమనిపించి. పొద్దున పదింటప్పుడు, తేమ ఆరాక, పూలగుత్తి కాడని వేలితో మెల్లిగా తట్టమనండి. మూడు నాలుగు సార్లు చాలు. గట్టిగా తడితే కాడ విరుగుతుంది. ఒక్కరోజు చేసి వదిలేస్తే లాభం లేదు, పూత ఉన్నన్నాళ్ళూ రోజూ తట్టాలి.

ఇది మీకే తెలిసినట్టు చెప్పండి. నా మాట ఎత్తకండి.